అలవాటులో పొరపాటు: ‘యూస్ట్ టు’ పాఠం గురించి

సంపాదకుల వారికి,

నమస్కారం. చదువు పేజీల్లో అచ్చయ్యే స్పోకెన్ ఇంగ్లిష్ పాఠాల్లోనూ, విశాఖలో ద్వారకానగర్ నుంచి గాజువాక దాకా కోచింగ్ సెంటర్లలో చేతులు మారే జిరాక్స్ నోట్సుల్లోనూ ఒక ఇంగ్లిష్ మాటకి తరచుగా ఒకటే అర్థం రాసి ఉంటోంది: ‘యూస్ట్ టు’ (స్పెల్లింగ్ చూసి చాలామంది ‘యూజ్డ్ టు’ అని చదివే మాట) అంటే అలవాటు. పిల్లలు దాన్ని బట్టీ పడతారు. ఇక ఆ మాట పలకాల్సిన చోటల్లా తప్పులే. పిల్లల తెలివికి లోటేమీ లేదు, వాళ్ళ చేతికిచ్చిన అర్థమే తప్పుదారి పట్టిస్తోంది. ఇంగ్లిష్ పాఠం చెప్పుకునే మేం కొందరం కలిసి, ఆ అర్థాన్ని మార్చమనీ, దాని స్థానంలో ఏం రాస్తే సరిపోతుందో చూడమనీ ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందు నష్టం సంగతి. రుషికొండలో ఒక ఐటీ ఇంటర్వ్యూ అనుకోండి. పొద్దున్నే ఏం చేస్తావని అడిగితే కుర్రాడు ‘డైలీ ఐ యూస్ట్ టు రీడ్ ద న్యూస్‌పేపర్’ అంటాడు. రోజూ పేపరు చదవడం నాకు అలవాటండీ అని అతని ఉద్దేశం. ఎదుట కూర్చున్నవాళ్ళకి వినిపించేది మాత్రం ‘ఒకప్పుడు రోజూ చదివేవాణ్ణి’ అని. ఇప్పుడు మానేశాడన్నమాట. విదేశాల్లో ఉద్యోగానికి సిద్ధపడుతున్న నర్సు రోగి వివరాలు రాసుకుంటూ ‘హి యూస్ట్ టు స్మోక్’ అని పెడితే, ఆ మనిషి సిగరెట్లు మానేశాడని డాక్టరు అనుకుంటాడు. ఇంకా కాలుస్తున్నవాడైతే అది చిన్న పొరపాటు కాదు. ‘హి స్మోక్స్’ అని రెండు మాటలు రాస్తే సరిపోయేది.

ఇప్పుడు తెలుగు వాక్యాలు మూడు చూడండి. ‘చిన్నప్పుడు బీచికి వెళ్ళేవాణ్ణి.’ ‘బీచిలో పరిగెత్తడం నాకు అలవాటే.’ ‘ఈ ఉక్కపోతకి ఇప్పుడిప్పుడే అలవాటు పడుతున్నాను.’ ఈ మూడింటినీ ఒకదానికొకటి పొరబడే తెలుగువాడు ఉండడు. మొదటిది గడిచిపోయిన రోజుల మాట. అందులో అలవాటు అనే పదం ఊసే లేదు, క్రియ చివరి ‘ఏవాణ్ణి’ అంతా చెప్పేస్తోంది. రెండోది ఇప్పటి స్థితి. మూడోది ఇంకా సాగుతున్న మార్పు. ఇంగ్లిష్‌లోనూ సరిగ్గా ఈ మూడే ఉన్నాయి: ‘ఐ యూస్ట్ టు గో టు ద బీచ్’, ‘ఐయామ్ యూస్ట్ టు రన్నింగ్ ఆన్ ద బీచ్’, ‘ఐయామ్ గెటింగ్ యూస్ట్ టు ద హ్యుమిడిటీ’. మూడింటిలోనూ ‘యూస్ట్ టు’ అనే ముక్క కనబడేసరికి నోట్సు రాసినవాళ్ళు మూడింటికీ కలిపి ఒక అర్థం వేసేశారు. తెలుగులో హాయిగా విడివిడిగా ఉన్నవాటిని ఒక మూటలో కట్టి, ఆ మూటని ఇంగ్లిష్‌లో విప్పమని పిల్లలకి ఇస్తున్నాం.

అందుకని మొదటిదానికి తెలుగు అర్థంగా ‘అలవాటు’ రాయకండి, ‘చేసేవాణ్ణి’ అని రాయండి. వెళ్ళేవాణ్ణి, వెళ్ళేదాన్ని, వెళ్ళేవాళ్ళం, ఉండేది. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో వినిపించే ‘వెళ్ళీవోళ్ళం’, ‘ఉండీది’ కూడా ఇదే రూపం. వీటన్నిటికీ ఇంగ్లిష్‌లో ఒకటే ‘యూస్ట్ టు’, దాని వెనక ఏ తోకా లేని క్రియ. ఆడా మగా, ఏకవచనం బహువచనం ఏదీ చూసుకోనక్కర్లేదు. ఆర్కే బీచిలో ఒడ్డున పెట్టిన కురుసుర జలాంతర్గామి దీనికి మంచి ఉదాహరణ. ‘ద కురుసుర యూస్ట్ టు బి ఎ నేవీ సబ్‌మెరైన్’ అంటే ఒకప్పుడు నౌకాదళపు జలాంతర్గామిగా ఉండేది, ఇప్పుడు కాదు అని. ఇప్పుడది మ్యూజియం. అలాగే మన రైల్వే స్టేషన్‌ని ఒకప్పుడు వాల్తేరు అనేవారు: ‘ద స్టేషన్ యూస్ట్ టు బి కాల్డ్ వాల్తేర్’. ఈ రెండు వాక్యాలూ విశాఖ పిల్లలు ఒకసారి వింటే మరిచిపోరు. నోట్సుల్లో లండన్ వాన గురించీ, మంచులో నడక గురించీ ఇచ్చే ఉదాహరణలకి ఆ బలం రాదు.

కురుసురతోనే ఇంకో చిక్కు కూడా చెప్పొచ్చు. అది 1969లో నౌకాదళంలో చేరి 2001లో సెలవు తీసుకుంది. ‘ద కురుసుర యూస్ట్ టు సర్వ్ ఇన్ ద నేవీ ఫర్ థర్టీ వన్ ఇయర్స్’ అంటే తప్పు. ‘సర్వ్డ్’ అనాలి. ఇన్నేళ్ళు, ఇన్నిసార్లు అని లెక్క తేలిపోయిన చోట ‘యూస్ట్ టు’ నిలబడదు. దీనికీ ఇంగ్లిష్ గ్రామర్ పుస్తకం తెరవక్కర్లేదు, తెలుగు చెవిని అడిగితే చాలు. ‘31 ఏళ్ళు పనిచేసింది’ అంటాం కానీ ‘31 ఏళ్ళు పనిచేసేది’ అనం. ‘గాజువాకలో ఉండేవాళ్ళం’ బాగుంది, ‘గాజువాకలో మూడేళ్ళు ఉన్నాం’ బాగుంది, ‘మూడేళ్ళు ఉండేవాళ్ళం’ ఎబ్బెట్టుగా ఉంది. తెలుగులో ఎక్కడ చెవికి గుచ్చుకుంటుందో ఇంగ్లిష్‌లోనూ సరిగ్గా అక్కడే తప్పు. అలాంటి తోడు ఇంట్లోనే ఉండగా సూత్రాలు బట్టీ పట్టించడం దేనికి?

తెలుగు చెవి సాయం చేయని చోటు ఒకటుంది. ‘ఏవాళ్ళం’ అనే రూపానికి ఇంగ్లిష్‌లో ‘ఉడ్’ కూడా వస్తుంది. ‘ఆన్ సండేస్ వి ఉడ్ వాక్ టు ద బీచ్’ అంటే ఆదివారాలు బీచికి నడిచి వెళ్ళేవాళ్ళం. కానీ ఇది పదేపదే చేసిన పనులకే, స్థితికి పనికిరాదు. ‘మాకు స్కూటర్ ఉండేది’ అనడానికి ‘వి ఉడ్ హావ్ ఎ స్కూటర్’ అనకూడదు, ‘వి యూస్ట్ టు హావ్ ఎ స్కూటర్’ అనాలి. ‘ఇక్కడ చెరువుండేది’ అంటే ‘దేర్ యూస్ట్ టు బి ఎ పాండ్ హియర్’. ‘ఉడ్’ వాడాలంటే ఏ రోజుల సంగతి మాట్లాడుతున్నామో ముందే తెలిసి ఉండాలి కూడా. అనుమానం వస్తే ‘యూస్ట్ టు’ వాడుకోవడమే క్షేమం, అది పనికీ స్థితికీ రెండింటికీ చెల్లుతుంది.

ఈ మొదటి రకం ‘యూస్ట్ టు’కి వర్తమానం లేదు. ‘రోజూ జిమ్‌కి వెళ్తాను’ అనడానికి ‘ఐ యూజ్ టు గో’ అని రాసేవాళ్ళు మన దగ్గర లెక్కలేనంతమంది. ఒకప్పటి ఇంగ్లిష్‌లో అలాంటి వర్తమాన వాడుక నిజంగానే ఉండేది, అది ఎప్పుడో పోయింది. ఇప్పుడు ‘ఐ గో టు ద జిమ్ ఎవ్రీ డే’ అనో, ‘ఐ యూజువల్లీ గో’ అనో అంటే సరి. తెలుగులో ‘వెళ్తాను’ ఎంత తేలికో ఇదీ అంతే.

ఇక ఉచ్చారణ. ఈ ఉత్తరంలో ఇంగ్లిష్ వాక్యాలన్నీ తెలుగు లిపిలో రాయడానికి ఒక కారణముంది. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే, ‘వాడిన’ అనే మాటా, మనం మాట్లాడుకుంటున్న మాటా అచ్చు ఒక్కలాగే కనబడతాయి. నోటితో పలికితే వేరు. వాడిన కారు ‘యూజ్డ్ కార్’. ‘వెళ్ళేవాణ్ణి’ మాత్రం ‘యూస్ట్ టు గో’. జ్ కాస్తా స్ అయింది, డ్ కాస్తా ట్ అయింది. వెనకే వచ్చే ‘టు’లోని టకారం పరుషం కాబట్టి ముందున్న సరళాలని తనలా మార్చేసుకుంది. ఇది మనకి కొత్తేమీ కాదు. ఆపదలో దకారం, కాలం వచ్చి చేరగానే ఆపత్కాలంలో తకారం అయినట్టే. వేగంగా మాట్లాడేటప్పుడు రెండు టకారాలూ కలిసిపోయి ‘యూస్టు’ అని ఒకే ముద్దగా వినిపిస్తుంది. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలో, లిజనింగ్ భాగంలో పిల్లలు దీన్ని పట్టుకోలేకపోవడానికి కారణం ఇదే. వాళ్ళు ‘యూజ్డ్ టు’ కోసం చెవులు రిక్కించి కూర్చుంటారు, ఆ శబ్దం ఎంతకీ రాదు. అందుకని పాఠం అచ్చువేసేటప్పుడు పక్కన తెలుగు లిపిలో ఉచ్చారణ ఇవ్వండి. ఇంగ్లిష్ స్పెల్లింగ్ దాచేసిన తేడాని మన లిపి బయటపెడుతుంది.

స్పెల్లింగ్ దగ్గర ఇంకొకటి. ప్రశ్నలోనూ, కాదనేటప్పుడూ ‘డిడ్’ వస్తుంది: ‘డిడ్ యూ యూస్ టు ప్లే?’, ‘ఐ డిడింట్ యూస్ టు ప్లే’. భూతకాలాన్ని ‘డిడ్’ మోసేస్తుంది కాబట్టి వెనక మాటకి చివరి డి అక్షరం ఉండదు. వింటే రెండూ ఒకేలా ఉంటాయి, అందుకే పుట్టుకతో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళు కూడా రాతలో పొరబడుతుంటారు. పరీక్షలో డి తీసేసి రాయడమే మంచిది.

రెండోదానికి వద్దాం, అసలు గండం ఇక్కడుంది. ‘తెల్లవారుజామున లేవడం నాకు అలవాటే’ అనడానికి మనవాళ్ళు ‘ఐయామ్ యూస్ట్ టు గెట్ అప్ ఎర్లీ’ అంటారు. ‘ఐయామ్ యూస్ట్ టు గెటింగ్ అప్ ఎర్లీ’ అనాలి. పోటీ పరీక్షల్లో తప్పు గుర్తించమని ఇచ్చే వాక్యాల్లో ఇది చాలా పాత సరుకు. ‘బి’ క్రియ (యామ్, ఈజ్, వాజ్ లాంటివి) ఉంటే ‘ఇంగ్’ పెట్టమని సూత్రం చెప్పేసి వదిలేస్తారు. సూత్రం నిజమే. కానీ తప్పు ఎక్కడినుంచి పుడుతోందో చెప్పకపోతే అది రెండు వారాల్లో మళ్ళీ మొలుస్తుంది.

తప్పు పుట్టేది ‘డానికి’ అనే ప్రత్యయం దగ్గర. మొదటి రోజుల్లోనే పిల్లలకి ‘వెళ్ళడానికి’ అంటే ‘టు గో’, ‘తినడానికి’ అంటే ‘టు ఈట్’ అని నేర్పుతాం. ఆ పాఠం మనసులో నాటుకుపోతుంది. ఆ తర్వాత ‘లేవడానికి అలవాటు పడ్డాను’ అనే తెలుగు వాక్యం బుర్రలో మెదలగానే ‘లేవడానికి’ కాస్తా ‘టు గెట్ అప్’ అయిపోతుంది. నిజానికి తెలుగులో ఈ ‘డానికి’ రెండు రకాలు. ఒకటి ప్రయోజనం చెప్పేది, రెండోది వట్టి ‘కి’ విభక్తి. చేపలు కొనడానికి ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను అంటే కొనడం కోసం వెళ్ళాను. లేవడానికి అలవాటు పడ్డాను అంటే లేవడం కోసం అలవాటు పడటం కాదు. ఎండకి అలవాటు పడ్డట్టు, కారానికి అలవాటు పడ్డట్టు, లేవడం అనే ఒక సంగతికి అలవాటు పడటం. అక్కడ ‘లేవడం’ ఎండలాంటి, కారంలాంటి ఒక నామవాచకం.

కాబట్టి పరీక్ష చాలా తేలిక. ‘డానికి’ని తీసి ‘డం కోసం’ పెట్టి చూడండి. అర్థం నిలబడితే ‘టు’ వెనక వట్టి క్రియ. నిలబడకపోతే ‘టు’ వెనక ‘ఇంగ్’. ‘కొనడం కోసం వెళ్ళాను’ నిలబడింది: ‘ఐ వెంట్ టు ద ఫిషింగ్ హార్బర్ టు బై ఫిష్’. ‘లేవడం కోసం అలవాటు పడ్డాను’ నిలబడలేదు: ‘ఐ గాట్ యూస్ట్ టు గెటింగ్ అప్’. ‘నాకు అలవాటే’ అనే వాక్యమైతే ఇంకా తేలిక. ‘లేవడం అలవాటే’, ‘తిరగడం అలవాటే’, ‘తినడం అలవాటే’ అంటాం కదా, ఆ ‘డం’ ఉన్నచోట ‘ఇంగ్’ వేసేయడమే. అయితే ‘అలవాటు’ పక్కనున్న ‘డం’ గురించే ఈ మాట. ‘ఈదడం వచ్చు’ అనే వాక్యంలోని ‘డం’కి ‘ఐ కెన్ స్విమ్’లో ‘ఇంగ్’ రాదని పిల్లలకి చెప్పి ఉంచాలి.

ఇంగ్లిష్ వైపు నుంచి సరిచూసుకోవడానికి ఇంకో పరీక్ష ఉంది. ‘టు’ వెనక ‘ఇట్’ పెట్టండి. ‘ఐయామ్ యూస్ట్ టు ఇట్’ కుదిరింది, కాబట్టి అక్కడ నామవాచకం కానీ ‘ఇంగ్’ కానీ వస్తుంది. ‘ఐ వాంట్ టు ఇట్’ కుదరలేదు, కాబట్టి వట్టి క్రియ. ఈ రెండో పరీక్ష ‘లుక్ ఫార్వర్డ్ టు’ దగ్గర మరీ అవసరం. ఎందుకంటే మన ‘కోసం’ పరీక్ష అక్కడ మోసం చేస్తుంది: మీ జవాబు కోసం ఎదురు చూస్తున్నాను అంటాం, కోసం చక్కగా కుదిరింది, అయినా ఇంగ్లిష్‌లో ‘లుకింగ్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యూ’ అనే రాయాలి. దరఖాస్తు ఉత్తరాల చివర ‘టు హియర్’ అని కనిపించేది ఈ కారణంతోనే.

‘వాడతారు’ అనే అర్థం ఇక్కడే వచ్చి ఇరుక్కుంటుంది. పోర్టులో ఒక క్రేనూ, దాన్ని నడిపే ఆపరేటరూ ఉన్నారనుకోండి. ‘ద క్రేన్ ఈజ్ యూజ్డ్ టు లిఫ్ట్ కంటైనర్స్’: క్రేన్‌ని కంటైనర్లు ఎత్తడానికి వాడతారు, ఎత్తడం కోసం వాడతారు, ‘కోసం’ నిలబడింది, వట్టి క్రియ వచ్చింది. ‘ద ఆపరేటర్ ఈజ్ యూస్ట్ టు లిఫ్టింగ్ కంటైనర్స్’: ఆపరేటరుకి కంటైనర్లు ఎత్తడం అలవాటే, ‘డం’ ఉంది, ‘ఇంగ్’ వచ్చింది. కాగితం మీద రెండు వాక్యాలకీ ఒకే స్పెల్లింగు, ఉచ్చారణ వేరు, వెనక వచ్చే క్రియ వేరు. ‘ఇంగ్’ మరిచిపోయి ‘ద ఆపరేటర్ ఈజ్ యూజ్డ్ టు లిఫ్ట్ కంటైనర్స్’ అంటే కంటైనర్లు ఎత్తడానికి ఆ మనిషిని పనిముట్టులా వాడుతున్నారని అర్థం వస్తుంది. ఈ జంటని బోర్డు మీద రాసి రెండుసార్లు చదివిస్తే పదిహేను నిమిషాల ఉపన్యాసం తప్పుతుంది.

‘బి’ ఉన్న రూపం స్థితిని చెబుతుంది కాబట్టి అది ఏ కాలంలోనైనా ఉండొచ్చు: ‘ఐ వాజ్ యూస్ట్ టు నైట్ షిఫ్ట్స్’ అంటే అప్పట్లో రాత్రి షిఫ్టు నాకు అలవాటుగానే ఉండేది. దీన్ని ‘ఐ యూస్ట్ టు వర్క్ నైట్ షిఫ్ట్స్’తో కలపకూడదు. ఈ రెండో వాక్యం రాత్రి షిఫ్టు చేసేవాణ్ణని మాత్రమే చెబుతుంది. కష్టంగా ఉండేదో తేలికగా ఉండేదో అందులో లేదు. ఓడల్లో పనికి వెళ్ళే మన కుర్రాళ్ళకి ఈ తేడా తప్పకుండా కావాలి. ‘ఐయామ్ యూస్ట్ టు కీపింగ్ ద నైట్ వాచ్’ అంటే రాత్రి కాపలా డ్యూటీకి ఇప్పుడే ఎక్కించినా నిలబడగలను అని చెప్పడం. ‘ఐ యూస్ట్ టు కీప్ ద నైట్ వాచ్’ అంటే పాత అనుభవం చెప్పడం.

మూడోది ‘గెట్’. కొత్తదనం నెమ్మదిగా అరిగిపోవడం. తెలుగులో ‘పడు’, ‘అవు’ అనే క్రియలు చేసే పని ఇంగ్లిష్‌లో ‘గెట్’ చేస్తుంది: అలవాటు పడ్డాను ‘గాట్’, పడుతున్నాను ‘యామ్ గెటింగ్’, పడతావులే ‘యూ విల్ గెట్’, పడలేకపోతున్నాను ‘కాంట్ గెట్’, ఇప్పటికి అలవాటైపోయింది ‘హావ్ గాట్’. అమెరికా వాళ్ళు చివరిదాన్ని ‘హావ్ గాటెన్’ అంటారు. వెనక వచ్చేది మాత్రం మారదు, నామవాచకమో ‘ఇంగ్’ రూపమో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తర్వాత కరెంటు లేని రోజుల గురించి చెప్పాలంటే ‘పీపుల్ గాట్ యూస్ట్ టు లివింగ్ వితౌట్ పవర్’. సాగుతున్న మార్పుకి ‘గెటింగ్’ ఉంది కాబట్టి ‘ఐయామ్ బీయింగ్ యూస్ట్ టు’ అనే వాక్యం పుట్టనే కూడదు. ఆ తప్పు అక్కడక్కడ వినిపిస్తుంది.

కాదనడంలో మూడూ ఎంత చక్కగా విడిపోతాయో గమనించండి. ‘వెళ్ళేవాణ్ణి కాదు’ అంటే ‘డిడింట్ యూస్ టు గో’. ‘అలవాటు లేదు’ అంటే ‘యామ్ నాట్ యూస్ట్ టు’. ‘ఇంకా అలవాటు పడలేదు’ అంటే ‘హావ్ నాట్ గాట్ యూస్ట్ టు’. తెలుగులో కాదు, లేదు, పడలేదు అని మూడు వేర్వేరు మాటలున్నాయి. ఆరో తరగతి పిల్లాడైనా వీటిని పొరబడడు.

ఇవి కాక, అలవాటు అనే తెలుగు మాటకి ఇంగ్లిష్‌లో ‘యూస్ట్ టు’తో సంబంధమే లేని అర్థాలు కూడా ఉన్నాయి. ‘ఆయనకి అలవాటుంది’ అని గొంతు తగ్గించి అంటే మందు తాగుతాడని అర్థం. దాన్ని ‘హి ఈజ్ యూస్ట్ టు డ్రింకింగ్’ అంటే ఆ భావం రాదు. ‘హి డ్రింక్స్’ చాలు. ‘పొద్దున్నే లేవడం అలవాటు చేసుకో’ అంటే పట్టుదలగా మొదలుపెట్టమని. దానికి ‘గెట్ ఇన్‌టు ద హ్యాబిట్ ఆఫ్ గెటింగ్ అప్ ఎర్లీ’ అనాలి. అలవాటు పడటం దానంతటదే జరిగేది, చేసుకోవడం మనం పూనుకుని చేసేది. ‘పిల్లాడికి బడి అలవాటు చేయాలి’ అంటే మళ్ళీ ‘గెట్’ వస్తుంది, మధ్యలో మనిషితో: ‘గెట్ ద చైల్డ్ యూస్ట్ టు స్కూల్’. ఈ చివరి వాక్యనిర్మాణం స్పోకెన్ ఇంగ్లిష్ పాఠాల్లో అరుదుగా కనిపిస్తుంది, ఇంట్లో తల్లిదండ్రులకి మాత్రం రోజూ పనికొస్తుంది.

పరిచయం సంగతి కూడా ఇదే పాఠంలో రావాలి. రెజ్యూమేల్లో ‘ఐయామ్ ఫెమీలియర్ టు ఎక్సెల్’ అని రాస్తున్నారు. ‘నాకు ఎక్సెల్ తెలుసు’ అనే వాక్యంలోని ‘కు’ని ‘టు’గా మార్చేయడం వల్ల వచ్చిన తప్పు ఇది. ఆ వాక్యం ప్రకారం ఎక్సెల్‌కి ఈయన తెలుసు. మనిషి ముందుంటే ‘విత్’: ‘ఐయామ్ ఫెమీలియర్ విత్ ఎక్సెల్’. వస్తువు ముందుంటే ‘టు’: ‘ఎక్సెల్ ఈజ్ ఫెమీలియర్ టు మీ’. అర్థంలోనూ ఇది ‘యూస్ట్ టు’ కంటే వేరు. అరకు ఘాట్ రోడ్డు నాకు ‘ఫెమీలియర్’ అంటే మలుపులు తెలుసు. ఆ రోడ్డుకి నేను ‘యూస్ట్’ అంటే ఆ మలుపుల్లో కళ్ళు తిరగవు. మలుపులన్నీ తెలిసినవాడికి కూడా కళ్ళు తిరగొచ్చు.

‘అకస్టమ్డ్ టు’ అనేది ‘యూస్ట్ టు’కి కాస్త పెద్దమనిషి రూపం, ఉత్తరాల్లో బాగుంటుంది, దాని వెనకా ‘ఇంగ్’ రూపమే. ‘హ్యాబిచ్యువేటెడ్’ మన దేశంలో చెల్లిపోతుంది కానీ బయటివాళ్ళకి వైద్యశాస్త్రపు మాటలా వినిపిస్తుంది. మానుకుంటే మంచిదని మా అభిప్రాయం. బస్సులో ‘కొంచెం అడ్జస్ట్ అవ్వండి’ అనే మాట మన సొంతం, అక్కడ ఇంగ్లిష్‌లో ఆ మాట అలా రాదు.

చెప్పే పద్ధతి గురించి. 45 నిమిషాల పీరియడు ఉంటే మొదటి పది నిమిషాలు బోర్డు మీద ఇంగ్లిష్ అక్షరం రాయకండి. మూడు నిలువు గడులు గీసి వెళ్ళేవాణ్ణి, అలవాటే, అలవాటు పడుతున్నాను అని తెలుగులోనే పెట్టండి. పిల్లల చేత ఇరవై తెలుగు వాక్యాలు చెప్పించి ఏది ఏ గడిలోకి వెళ్తుందో వాళ్ళ చేతే తేల్చండి. ఆ తర్వాత మొదటి గడికి మాత్రమే ఇంగ్లిష్ ఇవ్వండి. అక్కడితో ఆ రోజు ఆపేయాలి. మూడూ ఒకే రోజు చెబితే ‘ఇంగ్’ సూత్రం తలకెక్కిన పిల్లలు మొదటిదానికి కూడా దాన్ని అతికించి ‘ఐ యూస్ట్ టు గోయింగ్’ అనడం మొదలుపెడతారు. ముందు సరిగ్గా అంటున్నవాళ్ళు కూడా పాడవుతారు. ఈ తప్పు కుదురుకుంటే వదిలించడం మొదటి తప్పు కంటే కష్టం. కనీసం వారం ఎడం ఇచ్చి, ఆ వారంలో రోజుకి నాలుగు ‘ఏవాళ్ళం’ వాక్యాలు రాయించాలి. తాతగారి కాలంలో వీధి ఎలా ఉండేదో అడిగి రాసుకు రమ్మంటే వాక్యాలకి కరువుండదు. రెండో వారం రెండో గడి, అప్పుడే ‘డం కోసం’ పరీక్ష. మూడో గడి రెండో దాని వెంటే ఒక్కరోజు తేడాతో చెప్పినా ఇబ్బంది లేదు, ఎందుకంటే రెండింటికీ వెనక వచ్చేది ఒకటే. క్రేన్, ఆపరేటరు జంట అన్నిటికంటే చివర. దాన్ని ముందు తెస్తే గందరగోళమే మిగులుతుంది. దిద్దేటప్పుడు తప్పు మాట మీద ఎర్రగీత గీయడం కన్నా, పిల్లవాడు అనుకున్న తెలుగు వాక్యం ఏమిటో పక్కన రాయమనండి. చాలావరకు తప్పులు వాళ్ళే పట్టుకుంటారు.

పత్రికలో మేం కోరేది పెద్ద మార్పేమీ కాదు. పాఠంలో ఈ మాట వచ్చినప్పుడు అర్థం గడిలో ‘అలవాటు’ అని ఒక్క మాట వేయకుండా, ఆ వాక్యానికి సరిపడే తెలుగు క్రియని వేయండి. తప్పొప్పుల అభ్యాసాలకి మర్నాడు ఇచ్చే జవాబుల్లో ‘గెట్ అప్ తప్పు, గెటింగ్ అప్ ఒప్పు’ అని మాత్రమే ఉంటోంది. దాని పక్కన ‘తెల్లవారుజామున లేవడం నాకు అలవాటే’ అని తెలుగు వాక్యం ఒక వరుసలో వేసి, ‘డం’ కింద గీత పెట్టండి. ఒక వరుస చోటు చాలు.

భవదీయులు,
కొందరు ఇంగ్లిష్ ఉపాధ్యాయులు,
విశాఖపట్నం